ఆఫీసరు గారికి అరటిపండు తినిపించిన రోజు

ఉద్యోగం పోగొట్టుకోవడానికి లోకంలో చాలా దారులున్నాయి. ఆలస్యంగా వెళ్ళొచ్చు, పైవాళ్ళను తిట్టొచ్చు, తిట్టిన మాటల్ని పొరపాటున వాళ్ళ ఫోనుకే పంపొచ్చు. అవన్నీ చిల్లర పనులు. నేను వెలగబెట్టిన ఘనకార్యం ముందు దిగదుడుపే. జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరును మతిమరుపు రోగి అని తేల్చేసి, పక్కన కాపలా పెట్టి, నిండు సభలో అరటిపండు ఒలిచి తినిపించిన మహాతల్లిని నేనే. నవ్వండి, పరవాలేదు. మధిరలో మా అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు ఈ కథ కూడా పోస్తుంది.

ఐదేళ్ళ కిందటి మాట. నాకు ఇరవై ఆరేళ్ళు. ఖమ్మంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో అప్పుడే చేరాను. పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకూ, ఇంట్లో వాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాళ్ళకూ సాయం చేసే సంస్థ అది. చేరగానే మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. నాలుగో రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. ఐదో రోజు నుంచి తల నెరిసిన ప్రతి మనిషీ నాకు రోగిలాగే కనిపించాడు. బస్సులో ఒకాయన టికెట్ కోసం రెండు జేబులూ తడుముకుంటే 'మొదటి దశ' అనుకున్నాను. మా నాన్న పెరుగు తేవడం మరిచిపోతే డైరీలో రాసిపెట్టుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు కదా, నేను చదివింది మూడు రోజులే కాబట్టి పోయింది కూడా మూడొంతులే.

శిక్షణలో నా తలకు బాగా ఎక్కిన సూత్రం ఒకటుంది. జబ్బున్నవాళ్ళతో వాదించకూడదు. కలెక్టరునంటే కలెక్టరే, పెళ్ళికొడుకునంటే పెళ్ళికొడుకే. సరేనని తల ఊపాలి, నవ్వాలి, మెల్లగా మాట మార్చాలి, చేతిలో తినడానికి ఏదైనా పెట్టాలి. బంగారం లాంటి సూత్రం. దాన్ని నాలాంటిదాని చేతికివ్వడమే తప్పు.

ఇక సభ సంగతి. వారానికో రోజు నడిచే సంరక్షణ కేంద్రం ఒకటి మా వైపు పెట్టాలని జిల్లాలో అనుకుంటున్నారు. జబ్బున్నవాళ్ళను పొద్దున అక్కడ దింపితే ఒక పూట చూసుకుంటారు, ఇంట్లోవాళ్ళకు కాస్త ఊపిరాడుతుంది. ఆ కేంద్రం దమ్మపేటలో పెట్టాలా వద్దా అన్నది తేల్చడానికి కొత్తగూడెం నుంచి ఆఫీసరు వచ్చి జనం మాట వింటారు. జనం వచ్చి కష్టం చెప్పుకుంటే కేంద్రం వస్తుంది. రాకపోయినా, వచ్చి నోరు విప్పకపోయినా 'ఇక్కడ అవసరం లేదు' అని రాసుకుని వెళ్ళిపోతారు. సభ భారమంతా నా మీదే పెట్టారు. సాయానికి రజిత. నాకంటే రెండు నెలలు వెనక చేరింది కాబట్టి నేను చెప్పిందల్లా వేదమనుకునేది, పాపం.

సభ రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"మేడం, నేను మరియమ్మను. మూడు నెలల కింద సత్తుపల్లి నుంచి దమ్మపేటకొచ్చినం. మా ఆయన్ని మీటింగుకు తీస్కొస్తున్న."

"తప్పకుండా రండమ్మా."

"ఆయన రెవెన్యూల పెద్ద నౌకరి చేసి రిటైరైండు మేడం. ఇప్పుడు ఏం యాదికుండది. లేస్తనే ఆఫీసుకు పోవాలె అంటడు, నేను ఆఫీసర్ని అంటడు. కాదంటే కోపమొస్తది. జర ఏమనకుండ్రి."

"మాకు శిక్షణ ఉందమ్మా," అన్నాను గంభీరంగా.

"అవ్ మేడం... గా సెంటరు నిజంగ పెడ్తరా? వారానికి ఒక్క పూట ఎవరన్న ఆయన్ని చూస్కుంటె చాలు. కంటినిండ నిద్రపోయి రెండేండ్లైంది. తానానికి పోయినా తలుపు గడియ పెట్ట. ఎటు పోతడో అని భయం."

"పెడతారమ్మా. నేను పెట్టిస్తాను," అనేశాను. పెట్టించడానికి నేనెవరిని? అయినా మాట ఇచ్చేశాను. ఆ రోజంతా ఆ మాటే నన్ను తరుముతూ ఉంది.

కాసేపటికి ఖమ్మం నుంచి మా డైరెక్టరు గారి ఫోను. "సునీతా, ఆఫీసరు గారు బయల్దేరారు. పెద్దమనిషి, తెల్ల చొక్కా, జేబులో పెన్ను. ఎక్కువ మాట్లాడరు. రాగానే శాలువా కప్పి కూర్చోబెట్టు. ఏ పొరపాటూ జరగకూడదు."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్," అన్నాను. నేను ఈ మాట అన్నప్పుడల్లా అవతలివాళ్ళు వెంటనే చింతించడం మొదలుపెట్టాలని తర్వాత తర్వాత అందరికీ తెలిసొచ్చింది.

చర్చి పక్కనున్న హాల్లో ఏర్పాట్లు చేశాం. వేదిక మీద మూడు కుర్చీలు, పూల గుడ్డ పరిచిన బల్ల. పదిన్నరకు నలభై మంది దాకా వచ్చారు. అప్పుడే గుమ్మంలో ఒక పెద్దాయన ప్రత్యక్షమయ్యారు. మడత నలగని తెల్ల చొక్కా, జేబులో పెన్ను, మెరుస్తున్న బూట్లు. హాలును ఒకసారి కలయజూసి, ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా వేదికెక్కి మధ్య కుర్చీలో కూర్చున్నారు. మన దేశంలో అడగకుండా మధ్య కుర్చీలో కూర్చునేది ఇద్దరే, ఆఫీసరు, పెళ్ళికొడుకు. ఈయనకు పెళ్ళీడు దాటి చాలాకాలమైంది కాబట్టి ఆఫీసరే. పరుగున వెళ్ళి శాలువా కప్పాను.

"నమస్కారం సార్. దారిలో ఇబ్బంది కాలేదు కదా?"

"ఫైళ్ళు తెప్పించు," అన్నారు.

ఆహా, ఏం పనిమంతుడు! కాఫీ అడగలేదు, ఫ్యాను అడగలేదు, ఫైళ్ళు అడిగారు. మురిసిపోయి ఒక తెల్లకాగితాల కట్ట ముందు పెట్టాను.

కిందికి దిగేసరికి భుజాన సంచీతో ఒకామె ఆయాసపడుతూ వచ్చింది. "మేడం, నేను మరియమ్మను. ఆటోల నుంచి సంచి దించుకునేలోపల్నే ఆయన లోపలికొచ్చిండు."

"వచ్చారా? ఎక్కడున్నారు?"

"అగో, ఆడ కూసున్నడు." వేలు ముందుకు చాపింది. ముందు నలభై తలకాయలున్నాయి. ఏ తలకాయో చూసే తీరిక నాకు లేదు. మైకు కూస్తోంది, సమోసాలు రాలేదు.

"ఆడ కూసుంటె ఏమనరా మేడం?" అంది భయం భయంగా.

"ఎక్కడ కూర్చున్నా ఏమీ అనం. ఈ సభే వాళ్ళది. మీరు వెనక కుర్చీలో కూర్చుని టీ తాగండి."

ఆమె నన్ను చూసిన చూపులో ఎంత కృతజ్ఞతో! నా మర్యాదకు మెచ్చుకుంటోందనుకున్నాను. వెనక కూర్చుని, గ్లాసులో టీ సగం కూడా తాగకుండానే నిద్రపోయింది.

పదకొండుకు హాలు ముందు పామాయిల్ గెలల ట్రాక్టరు ఒకటి ఆగింది. గెలల మీంచి ఒకాయన జాగ్రత్తగా దిగాడు. ఒకప్పుడు తెల్లదేమో ఆ చొక్కా, ఇప్పుడు దుమ్మూ పామాయిల్ పండ్ల రసమూ కలిసి ఎర్రమట్టి రంగుకు వచ్చింది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. జేబులు తడుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఈడ ఇన్‌ఛార్జి ఎవరమ్మా?"

"నేనే తాతయ్యా. రండి, రండి."

"తాతయ్యనా? నాకు మనవళ్ళే లేరు!"

మనవళ్ళను కూడా మరిచిపోయాడు, అనుకున్నాను జాలిగా.

"రెండో చెప్పు ఏది తాతయ్యా?"

"ట్రాక్టరెక్కుతుంటె జారిపోయింది. ఫోను జీపుల ఉండిపోయింది. కండ్లద్దాలు ఎటు పోయినయో ఏమో!"

కళ్ళద్దాలు ఆయన నెత్తి మీదే ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతుక్కుంటున్నాడు. నేను వాటిని తీసి మెల్లగా ముక్కు మీద పెట్టాను.

"ఏ జీపు తాతయ్యా?"

"నా జీపే. ములకలపల్లి దాటినంక అడవిల పంచరైంది. డ్రైవరు ఆడనే ఉన్నడు. చూడమ్మా, నేను ఆఫీసర్ని."

నా గుండె గంతేసింది. పొద్దున ఫోనులో విన్న మాట అక్షరం పొల్లుపోలేదు! మరియమ్మ గారి ఆయన బయటికెళ్ళి తప్పిపోయి, ట్రాక్టరెక్కి మళ్ళీ వచ్చాడన్నమాట. ఎంత ప్రమాదం తప్పింది!

"ఎవరు కాదన్నారు సార్? మీరు ఆఫీసరే. చాలా పెద్ద ఆఫీసరు."

"నిజంగ ఆఫీసర్నమ్మా!"

"నిజంగానే ఆఫీసరు."

"మరి ఆ స్టేజీ మీద కూసున్నదెవరు?"

"ఆయనా ఆఫీసరే. ఇద్దరూ ఆఫీసర్లే. ముందు ఈ అరటిపండు తినండి."

"నాకు అరటిపండెందుకు? నేను..."

'నేను' అనడానికి ఆయన నోరు తెరిచారు చూశారూ, అక్కడ దొరికిపోయారు. ఒలిచిన పండు సిద్ధంగా ఉంది. సందు వదలలేదు నేను. ఆ మింగుడుపడని ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళాను. "ఇదిగో, మీ ఆవిడ పక్కన కూర్చోండి."

"ఆమెవరో నాకు తెల్వదు! మా ఆవిడ కొత్తగూడెంల ఉన్నది!"

రజిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, ఇంటామెను కూడ గుర్తుపడ్తలేడు."

"బాగా ముదిరింది," అన్నాను వైద్యశాస్త్రమంతా నా కొంగుకు కట్టుకున్నట్టు. "చెయ్యి వదలకు. ఆఫీసుకు పోవాలని లేస్తాడు."

"ఏందమ్మా ఈ అన్యాయం..." అని గొంతు పెంచబోయి, పక్కకు చూసి ఆయన ఆగిపోయారు. మరియమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. చేతిలో గ్లాసు వాలిపోతోంది. ఆయన మెల్లగా ఆ గ్లాసు తీసి కింద పెట్టారు. "గట్టిగ మాట్లాడకుండ్రి, ఆ తల్లి పండుకున్నది," అన్నారు గుసగుసగా. తర్వాత గంటన్నర పాటు ఆయన గొంతు పెంచలేదు.

ఇక వేదిక మీద ఏం జరిగిందో వినండి. మనవాళ్ళకొక అలవాటుంది. తెల్ల చొక్కా, ముందు బల్ల, చేతిలో పెన్ను కనిపిస్తే చాలు, వరస కడతారు. అర్జీ లేనివాడు నిలబడి ఆలోచించుకుంటాడు. మొదటి ఆయన పక్కవాళ్ళ పామాయిల్ చెట్ల నీడ తన మిరప చేను మీద పడుతోందన్నాడు. రెండో ఆమె బర్రె తప్పిపోయిందంది.

"బర్రె రంగేంది?" అన్నారు పెద్దాయన.

"నలుపే సార్."

"నలుపు," అని శ్రద్ధగా రాసుకుని కింద చక్కటి దస్తూరీతో 'విచారించి మంజూరు చేయవలెను' అని సంతకం పెట్టారు. బర్రెను ఎలా మంజూరు చేస్తారో నాకు తట్టలేదు గానీ, ఆఫీసర్ల పద్ధతులు ఆఫీసర్లకే తెలుస్తాయి కదా.

మూడోవాడు వెంకన్న. వాళ్ళమ్మకు జబ్బు.

"ఇంట్ల ఎవరు చూస్తున్నరు?" అన్నారు పెద్దాయన.

"నేనే సార్. అంత బాగనే ఉన్నది."

రాసుకున్నారు. తలెత్తి మళ్ళీ, "ఇంట్ల ఎవరు చూస్తున్నరు?"

"నేనే సార్. బాగనే ఉన్నది గని... జర కష్టం."

రాసుకున్నారు. తలెత్తి, "ఇంట్ల ఎవరు చూస్తున్నరు?"

"నేనే సార్. అమ్మ నన్ను గుర్తుపట్టది. దొంగొచ్చిండని కేకలేస్తది."

నాలుగోసారి అదే ప్రశ్న అడిగేసరికి వెంకన్న ఏడ్చేశాడు. "నాకెవ్వరు లేరు సార్. పనికి పోక నాలుగు నెలలైంది. ఒక్కోపారి అమ్మ మీద అరుస్త, మల్ల నేనే కూసొని ఏడుస్త. ఎవరికి చెప్పుకోవాలె?"

పెద్దాయన పెన్ను కింద పెట్టి వెంకన్న చెయ్యి పట్టుకున్నారు. "బువ్వ తిన్నవా?" అని అడిగారు.

నేను ఆనందబాష్పాలతో డైరీ తీసి, 'ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగాలి. అద్భుతమైన పద్ధతి. డైరెక్టరు గారికి చెప్పాలి' అని రాసుకున్నాను. చెబితే నమ్మరు, ఆ డైరీ ఇంకా నా దగ్గరుంది.

వెంకన్నతో కట్ట తెగింది. అందరూ నోళ్ళు విప్పారు. ఒకామె వచ్చి, "ముప్పై ఏండ్లు నన్ను తిట్టిన అత్త ఇప్పుడు తిట్టుడు మర్చిపోయింది సార్. బంగారు తల్లీ అంటది. గిదంత ముందే మర్చిపోతె ఏంబోయె!" అంటే హాలంతా నవ్వింది. ఆ వెంటనే, "గని ఒంటిదాన్ని సార్, ఆమెను ఎత్తి కూసుండబెట్టి నా నడుము పోయింది," అంటే ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళొత్తుకున్నారు. అంత నవ్వూ, అంత ఏడుపూ ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు.

మధ్యలో రోగి ఎలా ఉన్నారో చూద్దామని వెనక్కి వెళ్ళాను.

"తాతయ్యా, ఇవాళ ఏ వారం?"

"బుధవారం. కాదు, గురువారం. ఆగమ్మా, ఆమె ఏం చెప్తున్నదో విననీ! ఓ కాగితమియ్యి."

"అక్కా, ఏదో రాస్తున్నడు," అంది రజిత.

"రాసుకోనీ. ఆఫీసు పని అనుకుంటున్నాడు, పిచ్చి తండ్రి."

పన్నెండున్నరకు వేదిక మీది పెద్దాయన లేచి నిలబడ్డారు. "టైమైంది," అన్నారు. అటూ ఇటూ చూశారు. అంతసేపూ ఉన్న ఠీవి ఒక్కసారిగా ఎటో పోయింది. బల్ల అంచు పట్టుకుని, "మరియమ్మా! మరియమ్మ ఏది? మరియమ్మా!" అని పిలవసాగారు.

వెనక కుర్చీలో మరియమ్మ ఉలిక్కిపడి లేచింది. "వస్తున్న, వస్తున్న! ఈడనే ఉన్న!" అంటూ వేదిక మీదికి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంది. శాలువా సర్దింది. ఆయన నిమ్మళించారు.

నేనూ ఆమె వెనకే వేదిక దగ్గరికి పరిగెత్తాను. "అమ్మా, ఆఫీసరు గారు మీకు తెలుసా?"

"తెల్వకేంది మేడం? నా పెనిమిటాయె. దేవసహాయం. పొద్దుగాల ఫోన్ల చెప్తిని గద?"

"మరి... ఆ వెనకాయన?"

"ఆయనెవరో నాకేమెరుక?"

హాలంతా వెనక్కి తిరిగింది. ఎర్రచొక్కా ఆయన లేచి నిలబడ్డారు. ఎడమ చెయ్యి ఇంకా రజిత గుప్పిట్లోనే ఉంది. సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగి, డ్రైవరు ఉరుకుతూ లోపలికొచ్చి ఆయనకు సెల్యూట్ కొట్టాడు. "సార్, మీ ఫోను. దార్ల మీ చెప్పు గూడ దొరికింది!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆ రెంటిలో ఏ ఒక్కటి దగ్గర్లో ఉన్నా సంతోషంగా దూకేదాన్ని. అది చర్చి హాలు, గచ్చు నేల, సౌకర్యాలు తక్కువ. నా ఉద్యోగం సంగతి సరే, మరియమ్మకు ఇచ్చిన మాట ఏం కావాలి? నా తెలివి వల్ల కేంద్రం పోయింది, ఆమెకు ఆ ఒక్క పూట నిద్రా దక్కకుండా పోయింది అనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

"సార్... క్షమించండి సార్..."

"ఇప్పుడన్న నమ్ముతవా అమ్మా, నేను ఆఫీసర్నని?"

"నమ్ముతాను సార్."

"గంటన్నర నుంచి మొత్తుకున్న. నేనెంత గట్టిగ చెప్తె మీరంత మెత్తగ నవ్విన్రు. ఆఖరికి నాకే డౌటొచ్చింది, ఆఫీసర్నా కాదా అని!"

ముందు వెంకన్న నవ్వాడు. తర్వాత అత్త కథ చెప్పినామె. ఆ తర్వాత హాలు పైకప్పు లేచిపోయింది. ఆఫీసరు కూడా నవ్వారు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఈ జబ్బున్నోళ్ళు ఏం చెప్పినా ఎవ్వరు నమ్మరు గద, వాళ్ళకు రోజూ గిట్లనే ఉంటది గావచ్చు," అన్నారు.

దొరికిన చెప్పు సంగతి మరిచి, ఒక చెప్పుతోనే వేదికెక్కారు. దేవసహాయం గారు ఆయన్ను చూడగానే మళ్ళీ కుర్చీలో కూర్చుని పెన్ను తీశారు.

"పేరు? ఊరు?"

ఆఫీసరు చేతులు కట్టుకుని పేరు చెప్పారు, ఊరు చెప్పారు.

"ఇంట్ల ఎవరు చూస్తున్నరు?"

ఆఫీసరు మరియమ్మ వైపు చూశారు. "ఇన్నొద్దులు మరియమ్మ గారొక్కరే చూసిన్రు సార్. ఇగ మేం గూడ చూస్తం."

దేవసహాయం గారు రాసుకున్నారు. 'విచారించి మంజూరు చేయవలెను.' సంతకం.

"మీకేం కావాల్నమ్మా?" అని మరియమ్మను అడిగారు ఆఫీసరు.

"ఎక్కువేం వద్దు సార్. వారానికోపారి ఆయనకు గిట్ల ఓ కుర్చీ, ఓ బల్ల ఎయ్యిండ్రి. నాకు ఆ ఎనక కుర్చీ ఎయ్యిండ్రి. చాలు."

నేను రజిత భుజం మీద తల పెట్టి భోరుమన్నాను. రజిత అలవాటుకొద్దీ నా చేతికో అరటిపండు ఇచ్చింది.

సాయంత్రం డైరెక్టరు గారి ఫోను. "సభ ఎలా జరిగింది? ఆఫీసరు గారికి శాలువా కప్పావా?"

"కప్పాను సార్. ఆఫీసరుకే కప్పాను. కాకపోతే రిటైరైన ఆఫీసరుకు."

నెల తిరక్కుండా కేంద్రం మంజూరైంది. ఆఫీసరు వెనక కూర్చుని రాసుకున్నదంతా రిపోర్టులో పెట్టారట. దేవసహాయం గారు రాసుకున్న అర్జీలన్నీ ఆఫీసరే దగ్గరుండి ఆయా శాఖలకు పంపించారు. బర్రె అర్జీకి కూడా నంబరు పడింది. ఆ నంబరు దమ్మపేట చేరేలోపల బర్రె తనంతట తనే ఇంటికి చేరింది.

ఇప్పుడు ప్రతి గురువారం ఆ హాల్లోనే కేంద్రం నడుస్తోంది. మొదటి గురువారం మరియమ్మ మూడు గంటలు నిద్రపోయింది. రెండో గురువారం నాలుగు గంటలు. ఐదో వారం నుంచి నిద్ర సరిపోయి టీ పొయ్యి తన చేతిలోకి తీసుకుంది. నా టీ కషాయంలా ఉందని నలుగురిలో అనేసింది. దేవసహాయం గారు ఈమధ్య కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు. కూర్చున్నంతసేపూ మాత్రం ఆయన ముందు వరస తగ్గదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సర్టిఫికెట్ మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ట్రాక్టరు మీద వచ్చినా, ఎడ్లబండి మీద వచ్చినా, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చినా, ఎవరైనా 'నేను ఫలానా' అంటే మారుమాట్లాడకుండా నమ్ముతాను. అడగనిదే ఎవరి నోట్లోనూ ఏ పండూ పెట్టను. నమ్మనిది ఒక్క రకం వాళ్ళనే. ఇంట్లో ఒంటిచేత్తో అన్నీ మోస్తూ, నా ఎదురుగా కూర్చుని 'అంత బాగనే ఉన్నది మేడం' అనేవాళ్ళను. వాళ్ళను నాలుగుసార్లు అడుగుతాను. విసుక్కున్నా సరే, నాలుగోసారి కూడా అడుగుతాను.